ఈ డీఎన్‌ఏ ముక్క నిజంగా కిడ్నీ ఎన్‌హాన్సరేనా? తేల్చుకోవడం ఎలా

మీ దగ్గర ఒక జన్యువు ఉంది. పెరుగుతున్న కిడ్నీలో అది పనిచేస్తుందని తెలుసు, పక్కనున్న కాలేయంలో చేయదనీ తెలుసు. దాని చుట్టూ లక్షల బేస్‌ల డీఎన్‌ఏ ఉంది, అందులో ప్రొటీన్‌గా మారే భాగం చాలా కొద్ది, మిగతా దాంట్లో ఎక్కడో నాలుగైదు వందల బేస్‌ల ముక్క ఒకటి కూర్చుని "ఈ కణంలో, ఈ రోజుల్లో మాత్రమే పనిచెయ్" అని ఆ జన్యువుకి చెబుతోంది. ఆ ముక్కనే ఎన్‌హాన్సర్ అంటాం. దాన్ని వెతకడం ఎలా, దొరికాక అదేనని నిరూపించడం ఎలా అన్నదే ఇక్కడ విషయం. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, ఆ జోలికి పోను. ఎక్కడ బోల్తా పడతామో చెప్తాను, వాటిలో సగం నేను పడ్డవే.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. కిడ్నీకి మాత్రమే సొంతమైన మాస్టర్ స్విచ్ ఏదో ఉంటుందని అందరం మొదట అనుకుంటాం. లేదు. పాక్స్2 (ఇది డీఎన్‌ఏ మీద కూర్చుని ఇతర జన్యువుల్ని ఆన్, ఆఫ్ చేసే ప్రొటీన్, ఇలాంటివాటిని ఫ్యాక్టర్ అంటాం) లేకపోతే కిడ్నీ ఏర్పడదు, నిజమే, కానీ అదే పాక్స్2 కంట్లోనూ చెవిలోనూ మెదడులోనూ పనిచేస్తుంది. అందుకే మనుషుల్లో దాని ఒక కాపీ చెడితే కిడ్నీలు చిన్నవిగా ఉండటంతో పాటు కంటి నరం దగ్గర కూడా లోపం వస్తుంది. హెచ్‌ఎన్‌ఎఫ్1బి అనే ఇంకో ఫ్యాక్టర్ చెడితే కిడ్నీలో తిత్తులతో పాటు చిన్న వయసులోనే షుగర్ కూడా వస్తుంది, ఎందుకంటే దానికి క్లోమంలోనూ పని ఉంది. డబ్ల్యూటీ1 సంగతీ అంతే, బీజకోశాల్లోనూ గుండె పైపొరలోనూ కనిపిస్తుంది. మరి కిడ్నీ అన్న ప్రత్యేకత ఎక్కణ్ణుంచి వస్తోంది? కలయిక నుంచి. శరీరంలో వెనక భాగం అని చెప్పే హాక్స్11, ఇది మధ్యస్థ మీసోడెర్మ్ (పిండంలో కిడ్నీకి మూలమైన పొర) అని చెప్పే పాక్స్2, వాటితో చేయి కలిపే ఇయా1, ఈ మూడూ ఒకే ముక్క మీద చేరితే సిక్స్2, జీడీఎన్‌ఎఫ్ లాంటి జన్యువులు ఆన్ అవుతాయని 2007లో చూపించారు. ఊరు, వీధి, ఇంటి నంబరు మూడూ ఉంటేనే ఉత్తరం చేరినట్టు. విడిగా తీసుకుంటే ఏ ఒక్కటీ కిడ్నీ చిరునామా కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "నా ముక్కలో పాక్స్2 కూర్చునే చోటు ఉంది, కాబట్టి ఇది కిడ్నీ ఎన్‌హాన్సర్" అనే వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఏ కణం, ఏ రోజు: ఇది తేలకుండా ముందుకు వెళ్లకండి

కిడ్నీ అన్నది ఒక కణజాలం కాదు, పాతిక రకాల కణాల గుంపు, పైగా పిండంలో రోజురోజుకీ మారిపోయే గుంపు. చిట్టెలుక పిండంలో 10.5వ రోజు ప్రాంతంలో మూత్రనాళపు మొగ్గ బయటికి పొడుచుకొస్తుంది. పక్కనున్న మీసెంకైమ్ (వదులుగా ఉండే పిండ కణజాలం) జీడీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రొటీన్ విడుదల చేస్తే మొగ్గ మీదున్న రెట్ అనే రిసెప్టర్ దాన్ని అందుకుంటుంది, మొగ్గ అటువైపు పెరుగుతుంది. 11.5వ రోజుకి అది ఇంగ్లీషు 'టీ' ఆకారంలో చీలి ఉంటుంది. ఆ కొమ్మల చివర్ల చుట్టూ టోపీ పెట్టినట్టు చేరే కణాలే నెఫ్రాన్‌లకు మూలకణాలు, వీటి గుర్తు సిక్స్2. మొగ్గ నుంచి వచ్చే వింట్9బి సంకేతంతో వీటిలో కొన్ని వింట్4 ఆన్ చేసుకుని గుంపుకట్టి, చిన్న బుడగగా, తర్వాత కామాలాగా, ఆ తర్వాత 'ఎస్' ఆకారంలో మారి చివరికి నెఫ్రాన్ అవుతాయి. ఒక కొసన రక్తాన్ని వడకట్టే పొడోసైట్లు, మధ్యలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్, హెన్లీ లూప్, డిస్టల్ భాగం. మూత్రాన్ని పోగుచేసే గొట్టాలు మాత్రం ఈ టోపీ కణాల నుంచి రావు, మొగ్గ నుంచే వస్తాయి. చుట్టూ ఫాక్స్‌డీ1 ఉన్న స్ట్రోమా కణాలు, అంటే ఆధారంగా నిలిచే కణాలు, వేరే.

కాబట్టి మొదటి పని, మీ జన్యువు వీటిలో ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. "కిడ్నీలో" అని కాదు, "13.5 నుంచి 17.5 రోజుల మధ్య, టోపీ కణాల్లో ఉండి, గుంపుకట్టగానే ఆగిపోతుంది" అన్నట్టు. గడ్‌మ్యాప్ అనే డేటాబేస్ ఈ పనికే ఉంది, పిండం కిడ్నీలో ఏ జన్యువు ఎక్కడ వెలుగుతుందో సెక్షన్ల ఫొటోలతో సహా దొరుకుతుంది. సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ డేటా (ఒక్కో కణంలో ఏ జన్యువులు ఆన్‌లో ఉన్నాయో చెప్పేది) కూడా చూడండి, కానీ ఫొటో చూడకుండా దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి, క్లస్టర్‌కి, అంటే ఒకేలా ఉన్న కణాల గుంపుకి, ఎవరో పెట్టిన పేరు తప్పయి ఉండొచ్చు.

వాక్యం రాయలేకపోతున్నారంటే ఇంకా ఎన్‌హాన్సర్ వేట మొదలుపెట్టే టైమ్ రాలేదన్నమాట.

వయసు విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. పూర్తిగా ఎదిగిన ఎలుక కిడ్నీ డేటా సులువుగా దొరుకుతుంది కదా అని దాంట్లో సిక్స్2 లాంటి జన్యువుల ఎన్‌హాన్సర్లు వెతుకుతారు. ఎలుకలో పుట్టిన కొద్ది రోజులకే కొత్త నెఫ్రాన్లు రావడం ఆగిపోతుంది, మనిషిలో అయితే గర్భంలో 36 వారాల దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఆ మూలకణాలే ఉండవు. లేని కణంలో తెరుచుకున్న క్రొమాటిన్ (ప్రొటీన్లకి చుట్టుకుని ఉండే డీఎన్‌ఏ) ఎలా కనిపిస్తుంది? ఎదిగిన కిడ్నీతో ఇంకో తంటా కూడా ఉంది. దాంట్లో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణాలదే మెజారిటీ, మొత్తం కిడ్నీని రుబ్బి ఏటాక్-సీక్ (తెరుచుకున్న డీఎన్‌ఏని గుర్తించే పరీక్ష, కింద చెప్తాను) చేస్తే మీకు వచ్చేది చాలావరకు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ బొమ్మే. పొడోసైట్ల సంకేతం అందులో కొట్టుకుపోతుంది.

తెరుచుకున్న చోట్లు చూడటం

ఏటాక్-సీక్ 2013లో వచ్చింది. టీఎన్5 అనే ఎంజైమ్ డీఎన్‌ఏ తెరుచుకుని ఉన్న చోట్లలోకి దూరి ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని చదివితే ఏ చోట్లు తెరిచి ఉన్నాయో తెలుస్తుంది. ఓ 50 వేల కణాలు చాలు, పిండం కిడ్నీ అంత చిన్నదానికి ఇది పెద్ద వరం. తెరిచి ఉందంటే పనిచేస్తున్నట్టు కాదు, అది గుర్తుంచుకోండి. పక్కనే హెచ్3కే27 అసిటైలేషన్ అనే గుర్తు (డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ మీద ఉండే రసాయన ముద్ర) కూడా ఉంటే అప్పుడు ఎన్‌హాన్సర్ చురుగ్గా ఉందని అనుమానించొచ్చు. ఎన్‌కోడ్ ప్రాజెక్టు ఎలుక పిండం కిడ్నీకి 14.5వ రోజు నుంచి పుట్టిన రోజు దాకా ఈ డేటా ఉచితంగా పెట్టింది, సొంత ప్రయోగం చేసే ముందు ఒక సాయంత్రం దాంతో గడపండి.

జీనోమ్ బ్రౌజర్‌లో చూసేటప్పుడు కిడ్నీ ట్రాక్ (ఆ కణజాలపు సంకేతాన్ని చూపే గీత) ఒక్కటే పెట్టుకుని చూడకండి. కాలేయం, గుండె, లింబ్ (కాళ్లు, చేతులు అయ్యే భాగం) ట్రాక్‌లు కింద వరసగా పెట్టండి. జన్యువు మొదట్లో ఉండే ప్రమోటర్ దగ్గర పీక్ (సంకేతం కొండలా లేచిన చోటు) చాలాసార్లు అన్నింట్లోనూ ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. కిడ్నీలో మాత్రమే లేచి మిగతా వాటిలో చదునుగా ఉన్న దూరపు పీక్‌లే మీకు కావాల్సినవి. దూరం అంటే ఎంత? సిక్స్2 ఎన్‌హాన్సర్లలో ఒకటి జన్యువుకి దాదాపు 60 వేల బేస్‌ల ముందు ఉంది. కిడ్నీ కాకపోయినా, లింబ్‌లో సానిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుని నడిపే జెడ్‌ఆర్‌ఎస్ అనే ఎన్‌హాన్సర్ అయితే దాదాపు 10 లక్షల బేస్‌ల దూరంలో, వేరే జన్యువు ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ప్రొటీన్‌గా మారని భాగం) లోపల కూర్చుని ఉంటుంది. కాబట్టి "దగ్గర్లో ఉన్న జన్యువుదే" అన్న లెక్క పనిచేయదు. హై-సీ డేటాలో (డీఎన్‌ఏలో ఏ చోటు ఏ చోటుని తాకుతోందో చెప్పేది) మీ జన్యువు ఏ డొమైన్‌లో, అంటే తమలో తాము ఎక్కువగా తాకే ఏ ప్రాంతంలో, ఉందో చూసి, ఆ హద్దుల లోపలి పీక్‌లన్నీ లిస్టులో వేసుకోండి.

రెండు చిన్న విషయాలు, చిన్నవే కానీ వారాలు తినేస్తాయి. ఒకటి, జీనోమ్ వెర్షన్. ఒక పేపర్ ఎలుక జీనోమ్ వెర్షన్ ఎమ్‌ఎమ్9లో, ఇంకోటి ఎమ్‌ఎమ్10లో, మనిషి డేటా హెచ్‌జీ19లో ఉంటుంది, నంబర్లు నేరుగా పక్కపక్కన పెడితే పీక్ ఉన్నచోట ఏమీ కనపడదు. రెండోది, కణాలు విడదీసే పద్ధతి. 37 డిగ్రీల దగ్గర ఎంజైమ్‌తో గంటసేపు నానబెడితే కణాలు ఒత్తిడికి గురై ఫాస్, జున్, ఈజీఆర్1 లాంటివి ఆన్ చేసేస్తాయి. తర్వాత మోటిఫ్ (ఒక ఫ్యాక్టర్ కూర్చునే చిన్న డీఎన్‌ఏ వరస) విశ్లేషణలో ఏపీ-1, అంటే ఫాస్, జున్ కలిసిన ఫ్యాక్టర్, టాప్‌లో వస్తే మనం ఏదో కనిపెట్టేశామని సంబరపడతాం. చల్లటి ఉష్ణోగ్రతలోనూ పనిచేసే ప్రొటియేజ్‌తో ఐస్ మీదే విడదీస్తే ఈ గోల చాలా తగ్గుతుందని నవజాత ఎలుక కిడ్నీలోనే 2017లో చూపించారు. సిక్స్2-జీఎఫ్‌పీ ఎలుకల (సిక్స్2 ఉన్న కణాలు పచ్చగా వెలిగేలా చేసినవి) నుంచి కణాలు వేరు చేసేవాళ్లకి ఇంకో మాట, జీఎఫ్‌పీ ప్రొటీన్ తొందరగా కరిగిపోదు, సిక్స్2 ఆగిపోయిన తర్వాత కూడా కణం కొంతసేపు పచ్చగానే ఉంటుంది. కాబట్టి బాగా వెలిగే కణాలనే తీసుకోండి, మసకగా వెలిగేవి అప్పటికే నెఫ్రాన్ దారి పట్టి ఉండొచ్చు.

మోటిఫ్‌ల మాయ

ఒక లెక్క చేద్దాం. ఒక ఫ్యాక్టర్ కూర్చునే గుర్తు 6 బేస్‌లు అనుకోండి. ఒక్కో చోట నాలుగు అక్షరాల్లో ఏదైనా రావొచ్చు కాబట్టి నాలుగుని ఆరుసార్లు గుణిస్తే 4,096. అంటే ఊరికే యాదృచ్ఛికంగానే ప్రతి 4 వేల బేస్‌లకి ఒకసారి ఆ గుర్తు కనిపిస్తుంది, 300 కోట్ల బేస్‌ల జీనోమ్‌లో ఒక్క పోగు మీదే 7 లక్షల సార్లకు పైగా. వాటిలో నిజంగా ఫ్యాక్టర్ కూర్చునేవి చాలా తక్కువ. మోటిఫ్ ఉందన్నది సాక్ష్యం కాదు, అనుమానితుల జాబితాలో పేరు చేర్చడానికి పనికొచ్చే సమాచారం, అంతే. ఫ్యాక్టర్ నిజంగా ఎక్కడ కూర్చుందో చూపే చిప్-సీక్ లేదా కట్ అండ్ రన్ పరీక్ష మీ కణంలోనే చేసి ఉంటే అప్పుడు మాట్లాడండి.

ఎలుక, మనిషి, ఇంకా కోడి దాకా ఆ ముక్క మారకుండా ఉంటే మంచిదే. కానీ మారితే పారేయకండి. సిక్స్1 ఉదాహరణ చూడండి, ఎలుక నెఫ్రాన్ మూలకణాల్లో అది తొలి దశలోనే ఆగిపోతుంది, మనిషిలో సిక్స్2తో పాటు కొనసాగుతుంది. ఎన్‌హాన్సర్ల దగ్గర తేడాలే ఇలాంటి వాటికి దారితీస్తాయి. ఎలుకలో పనిచేయలేదు కాబట్టి మనిషిలోనూ చేయదు అనే తొందర వద్దు.

రిపోర్టర్, నా ఆరు నెలలు

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను నా ముక్కని రిపోర్టర్‌లో, అంటే ముక్క పనిచేస్తే వెలుగునిచ్చే లూసిఫరేజ్ జన్యువున్న ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో, పెట్టి హెచ్‌ఈకే293 కణాల్లో వేశాను. పేరులోనే "మానవ పిండ కిడ్నీ" అని ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆరు నెలలు ఒక్క ముక్క కూడా వెలగలేదు. రోజూ టెన్షన్, ప్రైమర్లు మార్చాను, ప్లాస్మిడ్ మార్చాను, మిడి ప్రెప్ కిట్ మీద అనుమానపడ్డాను. చివరికి ఎవరో సీనియర్ నవ్వి చెప్పారు, ఆ కణాలు కిడ్నీ కల్చర్ నుంచే వచ్చినా వాటి జన్యు ప్రవర్తన నాడీకణాలకి దగ్గరగా ఉంటుందని, అవి ఎడ్రినల్ పూర్వకణాల నుంచి వచ్చి ఉండొచ్చని ఎప్పుడో రాశారని. వాటిలో సిక్స్2 మూలకణపు వాతావరణం ఆశించడం నా తప్పు. ఆ కణాల్లో వెలగకపోతే అర్థం లేదు, వెలిగినా పెద్దగా అర్థం లేదు.

మరి దేంట్లో చేయాలి? టోపీ కణాల ఎన్‌హాన్సర్ అయితే ఎలుక నుంచి తీసి పెంచిన నెఫ్రాన్ మూలకణాల కల్చర్‌లో. దాంట్లో ఒక సౌలభ్యం కూడా ఉంది, వింట్ దారిని నడిపే సీహెచ్‌ఐఆర్ అనే మందు కొద్దిగా వేస్తే కణాలు మూలకణాలుగా ఉండిపోతాయి, ఎక్కువ వేస్తే నెఫ్రాన్ వైపు మళ్లుతాయి. రెండు మోతాదుల్లోనూ మీ ముక్క ఎలా ఉందో చూడొచ్చు. మనిషి ముక్క అయితే ఐపీఎస్ కణాల (మామూలు కణాల్ని వెనక్కి మళ్లించి చేసిన మూలకణాలు) నుంచి చేసే కిడ్నీ ఆర్గనాయిడ్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచిన బుల్లి కిడ్నీ లాంటి గుంపులో, చేయండి, కానీ ఆర్గనాయిడ్ కణాలు పిండం దశలోనే ఆగిపోతాయి, పెద్దవాళ్ల ట్యూబ్యూల్‌లో పనిచేసే ఎన్‌హాన్సర్ అక్కడ మూగబోతే ఆశ్చర్యపోకండి. ఏది వాడినా, అదే పొడవున్న, పీక్ లేని డీఎన్‌ఏ ముక్కలు రెండు మూడు నెగటివ్‌గా, ఇదివరకే నిరూపణ అయిన ఎన్‌హాన్సర్ ఒకటి పాజిటివ్‌గా పెట్టుకోండి. పాజిటివ్ వెలగని రోజు మిగతా ఫలితాలు ఏవీ చూడకండి.

అసలు పరీక్ష మాత్రం పిండంలోనే. ముక్కకి ఒక మినిమల్ ప్రమోటర్ (సొంతంగా పనిచేయలేనంత చిన్నది), దాని వెనక నీలం రంగు తెప్పించే లాక్‌జెడ్ జన్యువు కలిపి ఎలుక పిండంలోకి పంపిస్తారు, ఎక్కడ నీలం రంగు వస్తే అక్కడ ఆ ముక్క పనిచేస్తున్నట్టు. పాత పద్ధతిలో అది జీనోమ్‌లో ఎక్కడ పడితే అక్కడ అతుక్కునేది, పక్కింటి ఎన్‌హాన్సర్ల ప్రభావం కలిసేది, అందుకే వేర్వేరు పిండాల్లో కనీసం మూడింట్లో ఒకే తీరు కనిపించాలని పట్టుబడతారు. ఇప్పుడు క్రిస్పర్‌తో (డీఎన్‌ఏని కోరిన చోట కత్తిరించే పద్ధతి) హెచ్11 అనే సురక్షితమైన చోటే పెట్టే పద్ధతి వచ్చింది, గోల తగ్గింది. విస్టా ఎన్‌హాన్సర్ బ్రౌజర్‌లో ఇలాంటి ఫలితాలు వేలల్లో ఉన్నాయి, మీ ముక్క ఇప్పటికే అక్కడ ఉందేమో ముందు చూడండి. అయితే అక్కడ "నెగటివ్" అని ఉంటే ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. విస్టా ఎక్కువగా చూసేది 11.5 రోజుల పిండాన్ని. ఆ రోజుకి కిడ్నీ అంటే టీ ఆకారపు మొగ్గ, దాని చుట్టూ కాసిన్ని కణాలు. పొడోసైట్ ఇంకా పుట్టనే లేదు. పుట్టని కణం ఎన్‌హాన్సర్ నీలంగా ఎలా వెలుగుతుంది? నాకు తెలిసి మంచి ముక్కల్ని ఈ ఒక్క కారణంతో లిస్టులోంచి కొట్టేసినవాళ్లున్నారు.

ముక్క వెలిగితే తర్వాతి పని, దాంట్లో అనుమానమున్న ఫ్యాక్టర్ గుర్తుని రెండు మూడు బేస్‌లు మార్చి మళ్లీ వేయడం. ఇక్కడ ఆన్, ఆఫ్ అనే రెండే మాటలతో ఆలోచిస్తే చిక్కు వస్తుంది. సిక్స్2, వింట్ సంకేతాన్ని మోసే బీటా-కాటెనిన్ రెండూ ఒకే ఎన్‌హాన్సర్ల మీద కూర్చుంటాయని 2012లో తేలింది, ఒకటి కణాన్ని మూలకణంగా ఉంచేది, ఇంకోటి నెఫ్రాన్ వైపు తోసేది. అంటే ఒకే ముక్క రెండు నిర్ణయాల్లోనూ భాగం. ఒక గుర్తు చెరిపితే వెలుగు తగ్గుతుందా, పెరుగుతుందా, లేక వెలగాల్సిన చోటు మారిపోతుందా, మూడూ చూడాలి. చోటు మారడమే చాలామంది గమనించరు, ఎందుకంటే లూసిఫరేజ్ మెషీన్ చోటు చెప్పదు.

సొంత ఇంట్లోంచి తీసేసి చూడటం

రిపోర్టర్ చెప్పేది "ఈ ముక్క చేయగలదు" అని. "ఈ ముక్క అవసరం" అని చెప్పాలంటే క్రిస్పర్‌తో అసలు చోటు నుంచి తీసేయాలి. తీసేశాక ఎలుక హాయిగా తిరుగుతుంటే గుండె జారిపోతుంది, నాకు తెలుసు. కానీ 2018లో లింబ్ ఎన్‌హాన్సర్లు పదింటిని ఒక్కొక్కటిగా తీసి చూస్తే ఒక్కదాంట్లోనూ కాళ్ల ఆకారం మారలేదు. ఒకే పని చేసే ఎన్‌హాన్సర్లు రెండు మూడు ఉండటం పిండంలో మామూలే. కాబట్టి కిడ్నీ ఉందా లేదా అని మాత్రమే చూసి ఆగకండి. సరైన రోజు, సరైన కణాలు వేరు చేసి ఆర్‌ఎన్‌ఏ ఎంత తగ్గిందో కొలవండి. నెఫ్రాన్లు లెక్కపెట్టండి, ఇది విసుగు పుట్టించే పనే కానీ తేడా ఉంటే దొరికేది అక్కడే. ఒక కాపీలో ఎన్‌హాన్సర్ తీసేసి రెండో కాపీలో జన్యువునే పాడుచేసిన ఎలుకల్ని తయారుచేస్తే దాక్కున్న ప్రభావం బయటపడుతుంది. జీడీఎన్‌ఎఫ్ లాంటి జన్యువులు మోతాదుకి చాలా సున్నితం, ఒక్క కాపీ పోయినా నెఫ్రాన్ల సంఖ్య తగ్గుతుంది, అలాంటి చోట ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

తీసే ముక్క ఇంట్రాన్‌లో ఉంటే స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలోంచి ఇంట్రాన్లు తీసి మిగతాది అతికించడం) దెబ్బతినలేదని విడిగా చూపించండి. డబ్ల్యూటీ1 తొమ్మిదో ఇంట్రాన్ మొదట్లో ఒక్క బేస్ మారితే ఫ్రేజియర్ సిండ్రోమ్ అనే కిడ్నీ, బీజకోశాల జబ్బు వస్తుంది, కారణం ఎన్‌హాన్సర్ కాదు, కేటీఎస్ అనే మూడు అమైనో ఆమ్లాలు ఉన్న రూపం, లేని రూపం మధ్య నిష్పత్తి తారుమారవడం. కోడ్ చేయని చోట మార్పు కనిపించగానే "రెగ్యులేటరీ" అని ముద్ర వేసేవాళ్లకి ఇది మంచి మందు.

అలాగే, మనిషి జబ్బుతో ముడిపెట్టేటప్పుడు దిశ ముందే ఊహించుకోకండి. యూమాడ్ జన్యువు ప్రమోటర్ ప్రాంతంలోని మార్పులకి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో సంబంధం ఉందని 2009లో తేలింది. జబ్బు అనగానే జన్యువు తగ్గిపోయి ఉంటుందని అనుకుంటాం. తర్వాత చూస్తే ముప్పు ఉన్న రూపం యూమాడ్‌ని ఎక్కువ చేస్తోంది.

ఇక నోట్‌బుక్ సంగతి. ప్లగ్ (ఎలుకలు జతకట్టాయని చెప్పే గుర్తు) కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5గా లెక్కపెట్టామని రాయండి, ఎలుక జాతి రాయండి, జీనోమ్ వెర్షన్‌తో సహా ముక్క మొదలు, చివర నంబర్లు రాయండి. ఒకే కాన్పులోని పిండాల మధ్య కూడా సగం రోజు తేడా ఉంటుంది, అందుకని పిండం తీయగానే లింబ్ ఆకారం చూసి అసలు వయసు పక్కన వేసుకోండి. 11.0కి, 11.5కి మధ్య ఆ మొగ్గ చీలిపోయి ఉంటుంది, మీ ఎన్‌హాన్సర్ ఆ చీలిక ముందుదా తర్వాతదా అని రివ్యూయర్ అడిగినప్పుడు ఆ ఒక్క లైనే మిమ్మల్ని కాపాడుతుంది.